అలవాటు లేదని నేనే చెప్పాను

మా మేస్త్రి పోయాడు. పోయిన మంగళవారం పొద్దున నేను నార్సింగిలో ఒక టవర్ పదకొండో అంతస్తులో ఉన్నాను. పనివాళ్లు ఇంకా పైకి రాలేదు. ఆయన భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. "తమ్మీ, మీ మేస్త్రి ఇగ లేడు" అంది. ఏడవలేదు. అంతకు ముందు నెల రోజుల్లోనే ఆ ఏడుపు అయిపోయినట్టుంది. "వస్తున్నానక్కా" అని పెట్టేశాను. లిఫ్టు ఇంకా బిగించలేదు కాబట్టి పదకొండు అంతస్తులు మెట్ల మీదే దిగాను.

మియాపూర్‌లో ఆయన ఇంటి ముందు చేరిన వాళ్లు తలా ఒక కారణం చెప్పారు. షుగర్ అన్నారు. ఇన్నేళ్లు సిమెంటులో నిలబడ్డ కాళ్లు కదా, సిమెంటు తినేసింది అన్నారు. వయసు అన్నారు. ఆయనకు షుగర్ లేదు. సిమెంటు వేళ్ల సందుల్లో కొరుకుతుంది గానీ ప్రాణం తీయదు. అరవై దాటి ఎంతో కాలం కాలేదు. ఎవరి మాటకూ నేను అడ్డం చెప్పలేదు. చావింటి ముందు నిలబడి వాదించడం బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం ఉండకూడదంటారు. నాకు ఆయన మీద ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. గోడ వంకర వస్తే వంకర వచ్చిందని చెప్పాలి, సున్నం వేసి దాచకూడదని ఆయనే చెప్పేవాడు. అందుకని దాచకుండా రాస్తాను.

పాలమూరు వైపు మా ఊరి నుంచి నేను వచ్చింది పెళ్లయ్యాక. పదో తరగతి పాసయ్యాను, ఆ చదువుకు పట్నంలో ఏ పనీ దొరకలేదు. మియాపూర్‌లో కూలీల అడ్డాలో, అంటే పొద్దున్నే పని కోసం జనం నిలబడే రోడ్డు పక్కన, మూడు రోజులు నిలబడ్డాను. మూడో రోజు ఆయన వచ్చి నా ముఖం కాకుండా చేతులు చూశాడు.

"తాపీ వట్టినవా?"

"లేదు."

"గుట్కా తింటవా?"

"తినను."

"సిగరెట్, బీడీ?"

"లేదు."

"ఎక్కు అయితే" అని ఆటో చూపించాడు. ఆటోలో కూర్చోగానే ఆయన చుట్ట వెలిగించాడు. అదేమిటి అని నాకు అప్పుడు అనిపించలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు కూడా అనిపించలేదు.

ఆయనది గిలాబు పని. గోడకు సిమెంటు పూత పూయడాన్ని మా వైపు గిలాబు అంటారు. ఈ రోజు గచ్చిబౌలిలో, నానక్‌రాంగూడలో అద్దాల భవనాలు చూసి జనం తలలు ఎత్తుతారు. ఆ అద్దాల వెనక మెట్ల దారుల్లో, లిఫ్టు పక్కన, బాత్రూముల్లో ఆయన చేతి గోడలు ఎన్నో ఉన్నాయి. వాటిని ఎవరూ చూడరు. చూడకపోవడమే గిలాబుకు మెప్పు అనేవాడు. "గోడ మీద కన్ను ఆగిందంటె, ఆడ తప్పున్నదన్నట్టు."

గిలాబులో కష్టమంతా ఆగడంలో ఉంటుంది. మాలు, అంటే ఇసుకతో కలిపిన సిమెంటు, గోడకు కొట్టి, బద్దతో చదునుగా లాగి, ఆ తర్వాత ఊరికే నిలబడాలి. గోడ నీళ్లు గుంజుకున్నాకే చెక్కతో రుద్దాలి. ముందే రుద్దితే పూత జారిపోతుంది. ఆలస్యమైతే బిగుసుకుపోయి చెక్కకు లొంగదు. ఆ సమయం ఎంత అని గడియారం చూసి చెప్పలేం. ఎండను బట్టి, ఇటుకను బట్టి, గాలిని బట్టి మారుతుంది. ఆయన దాన్ని చుట్టతో కొలిచేవాడు. గోడ కొట్టగానే సిమెంటు బస్తా మీద కూర్చుని, గుడ్డసంచిలోంచి పొగాకు తీసి, తొడ మీద పరిచి, తడి చేసి, తాపీగా చుట్టి వెలిగించేవాడు. ఎండాకాలం పావు చుట్ట కాలేసరికి లేచేవాడు. చలికాలం ముప్పావు. వానాకాలం తడి గోడైతే ఒకటి అయిపోయి ఇంకొకటి పట్టేది. లేచి గోడకు బొటనవేలు ఆనించి చూసి "ఊఁ, రుద్దుండ్రి" అనేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

"మేస్త్రీ, ఇంకెంత సేపు?" అని అడిగితే "అర చుట్ట" అనేవాడు. మాకూ అదే కొలత అయింది. చుట్ట ముట్టనివాళ్లం కూడా "పావు చుట్ట సేపు ఆగు, వస్తున్న" అనుకునేవాళ్లం. ఇప్పటికీ నా నోట్లోంచి ఆ మాట వస్తుంది.

అదే మా తప్పు. తాపీ, బద్ద, తూకపు గుండు ఎలాగో చుట్ట కూడా అలాగే అనుకున్నాం. మేస్త్రి పనిముట్టు. పనిముట్టును ఎవరైనా అలవాటు అంటారా?

నా మొదటి గోడ సంగతి చెప్పాలి. కొండాపూర్‌లో ఒక ఆఫీసు మెట్ల దారి. నేను పూసిన గోడ మధ్యలో పొట్టలా ఉబ్బింది. ఇంజనీరు వచ్చే వేళయింది. మేస్త్రి సుత్తి తీసుకుని, నా కళ్ల ముందే పూతంతా రాలగొట్టేశాడు. ఇంజనీరు వచ్చి "ఇదేంది?" అంటే "నా చెయ్యి జారింది సార్, మళ్ల కొడ్తున్న" అన్నాడు. ఆయన చెయ్యి జారడం ఆ ఇంజనీరు ఎన్నడూ చూసి ఉండడు. నమ్మాడో లేదో గానీ వెళ్లిపోయాడు. తర్వాత మేస్త్రి తాపీ నా చేతికిచ్చి "నువ్వే కొట్టాలె. నేను ఈడనే కూసుంట" అన్నాడు. ఒక చుట్ట మొత్తం కాలే దాకా నా వెనకే కూర్చున్నాడు. పని నేర్పడమంటే అంతే ఆయనకు. ఉపన్యాసం లేదు. ఈ రోజు నా కింద నలభై మంది పని చేస్తున్నారంటే ఆ రోజు ఆయన చెప్పిన అబద్ధం పుణ్యమే.

జట్టులో ఎవరైనా గుట్కా నములుతూ కనిపిస్తే పరంజా మీద నుంచి దించేసేవాడు. బీడీ వాళ్లకూ అదే శిక్ష. మాలో ఒక నోటి దురుసు మనిషి ఉండేవాడు, సెంట్రింగ్ పని చేసేవాడు. ఒకసారి కింది నుంచి అరిచాడు.

"మేస్త్రీ, నేను బీడీ ముట్టిస్తె దింపుతవు. నువ్వేమో రైలింజన్ లెక్క పొగ ఇడుస్తవ్. ఇదేం నాయం?"

"నువ్వు పొగ యాడికి పంపుతున్నవ్?"

"యాడికంటె? లోపటికే."

"గదే మరి. లోపటికి రానిచ్చినవంటె ఇల్లు కబ్జా చేస్తది. నాది దర్వాజ కాడనే నిలవడి మాట్లాడి వోతది. నేను మింగ. మింగకుంటె అలవాటెట్ల అయితదిరా?"

"దినాం వచ్చి దర్వాజ కాడ నిలవడే సుట్టాన్ని ఏమంటరు మేస్త్రీ?"

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. "సిగరెట్ తాగేటోడు దానికి నౌకరు. నేను నా చుట్టకు మాలిక్‌ను. ఇడిసిపెట్టాల్నంటె ఈ గడియ ఇడిసిపెడ్త. ఎందుకు ఇడువాలె, అది నన్నేం జేసింది?" అన్నాడు.

ఇంట్లో అక్క ఒప్పుకునేది కాదు. "మాలిక్ అంట మాలిక్! బిడ్డ లగ్గం నాడు అయ్యగారు కాళ్లు కడుగుమని పిలుస్తుంటె పందిట్ల లేడు తమ్మీ. యాడున్నడని దేవులాడితె వంటల కాడ పొయ్యిల నిప్పుతోని చుట్ట అంటించుకుంటున్నడు" అని చెప్పేది. శ్రీశైలం పోతుంటే మధ్యలో బస్సు ఆగినప్పుడు చుట్ట కోసం దిగి, బస్సు పోగొట్టుకుని, లారీ ఎక్కి వచ్చిన కథ కూడా ఆమే చెప్పేది. శివరాత్రి నాడు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండేవాడు, చుట్ట మాత్రం మానేవాడు కాదు. "అది తిండి గాదు గద" అని ఆయన వాదన. ఇవన్నీ మాకు నవ్వుకునే కథలు. ఒక్క కథ దగ్గరైనా ఆగి, ఇది మాలిక్ చేసే పనేనా అని మాలో ఎవరూ ఆలోచించలేదు.

చదువుకున్నవాళ్లు ఆయనను ఇంకా గట్టిపరిచారు. నార్సింగి దగ్గర ఒక విల్లాకు పని చేస్తున్నప్పుడు ఇంటి యజమాని సెలవు రోజుల్లో వచ్చి చూసుకునేవాడు. కోస్తా వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఒక రోజు జేబులోంచి లావుపాటి సిగార్ తీసి, మేస్త్రి పక్కనే ఇటుకల మీద కూర్చున్నాడు.

"మీది నాటుదండి, నాది విదేశీది. అంతకు మించి తేడా లేదండి మేస్త్రి గారూ."

"మీరు మింగుతరా సార్?"

"అయ్యో, సిగార్ మింగకూడదండి. నోట్లో పెట్టుకుని రుచి చూసి వదిలేయడమే. సిగరెట్ లాగా ఇది పట్టుకోదు. అందుకే నేను ధైర్యంగా తాగుతాను."

మేస్త్రి మా వైపు తిరిగాడు. "ఇన్నరా? గంత సదువుకున్న సారే చెప్తుండు." ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చాలా సేపు పొగ వదిలారు. ఆ రోజు ఆయన ముఖంలో గర్వం నాకు గుర్తుంది. నాకూ గర్వంగానే అనిపించింది.

కొన్నేళ్లకు పని మారిపోయింది. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడలకు గోడలే ఒకేసారి తీస్తున్నారు. వాటికి గిలాబు అక్కర్లేదు. మిగిలిన చోట జిప్సం వచ్చింది. కలిపి పూసి నున్నగా లాగేయడమే, గోడ నీళ్లు గుంజుకునే దాకా కాచుకుని కూర్చునే పని లేదు. అప్పటికి నేను సొంతంగా పనులు ఒప్పుకుంటున్నాను, ఆయన్ను నా దగ్గరే పెట్టుకున్నాను. గోడలు చూసి తప్పులు చెప్పడమే ఆయన పని. ఆగే సమయం పోయింది. చుట్ట పోలేదు. పైగా పెరిగింది. పనిముట్టే అయితే పనితో పాటు సంచిలోకి పోయి ఉండాలి కదా. నా కళ్ల ముందే జరిగింది. నేను చూసింది గోడలనే.

మొదట నడిస్తే పిక్క పట్టేస్తోందన్నాడు. రెండంతస్తులు ఎక్కి నిలబడిపోయేవాడు. తర్వాత కుడికాలి బొటనవేలు నల్లబడింది. అక్క పసుపు పెట్టింది. ఆయన ఎవరికీ చూపించకుండా బూట్లు వేసుకుని తిరిగాడు. నేను చూసేసరికి వేలి పక్కన పుండు పడింది. దవాఖానకు తీసుకుపోయాను. కాలికి రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయిందన్నారు. పది రోజులు ఇక్కడే ఉంటే మందు ఎక్కించి, పుండు అదుపులోకి తెచ్చి, నాళం తెరిచే ఆపరేషన్ చేస్తాం, కాలు దక్కుతుంది అన్నారు. ఆయన ఐదు రోజులే ఉన్నాడు. ఆరో రోజు పొద్దున బయటికి నడిచి వచ్చేశాడు. మళ్లీ పోవడానికి ఒప్పుకోలేదు. మూడు వారాల తర్వాత, జ్వరంతో ఒళ్లు తెలియని స్థితిలో, మళ్లీ అదే దవాఖానకు మోసుకుపోయాం. మోకాలి పైకి తీసేశారు. విషం అప్పటికే రక్తంలోకి ఎక్కింది.

ఆ రెండోసారి ఒక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. చిన్న వయసు, గోదావరి వైపు మాట.

"మొదటిసారి ఎందుకు వెళ్లిపోయారండి ఈయన?"

"ఉండలేకపోయిండు మేడం. దవాఖాన వాతావరణం పడలే."

ఆమె చేతిలో కాగితం తిరగేసింది. "పళ్లు చూశాను. చుట్టా?"

"అవును."

"ఈ కాగితంలో పొగాకు అలవాటు లేదని ఉందండి. ఎవరు చెప్పారు?"

"నేనే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నేనే అడిగాను, చుట్ట మింగరు కదా మేడం, అలవాటు ఎలా అవుతుంది అని. ఇంత జరిగాక కూడా ఆయన తరఫున వాదిస్తున్నాను.

"సిగరెట్ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే గానీ సరిగా ఎక్కదండి. చుట్ట పొగ, సిగార్ పొగ అలా కాదు. నోట్లో ఉంటే చాలు, బుగ్గల లోపలి చర్మమే నికోటిన్‌ని లాగేసుకుంటుంది. మింగక్కర్లేదు. పొద్దున లేవగానే కాల్చేవారా?"

"ముఖం కడుక్కోకముందే."

"మరి అది అలవాటు కాక ఇంకేంటండి?"

విల్లా యజమాని గుర్తొచ్చి, ఎప్పుడో ఒకటి తాగేవాళ్ల సంగతేమిటని అడిగాను. "అందరికీ ఒకేలా పట్టదండి. అరుదుగా తాగేవాళ్లకి అంత బలంగా ఉండకపోవచ్చు. కానీ మింగను కాబట్టి పట్టదు అనేది మాత్రం తప్పు" అంది. పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. "తెలిసుంటే చుట్ట బదులు నికోటిన్ పట్టీయో, గమ్మో, ఏదో ఒకటి చూసేవాళ్లమండి. కనీసం ఆయన ఎందుకు అలా చేస్తున్నారో అర్థమయ్యేది. ఆ పది రోజులు ఉంచగలిగేవాళ్లం."

ఉంచగలిగేవాళ్లం. ఈ మాట నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదు. కాబట్టి ఆ మొదటి ఐదు రోజులు ఎలా గడిచాయో పూర్తిగా చెప్తాను.

చేర్చుకునేటప్పుడు కౌంటర్‌లో ఒక అమ్మాయి కంప్యూటర్ చూస్తూ అడిగింది. సిగరెట్? లేదు. బీడీ? లేదు. గుట్కా, జర్దా? లేదు. మందు? పండక్కి కల్లు. నేను ఒక్కో "లేదు" గట్టిగా, పక్కవాళ్లకు వినపడేలా చెప్పాను. చక్రాల కుర్చీలో కూర్చుని మేస్త్రి మురిసిపోయాడు. "రాస్కో బిడ్డా, నా అసొంటి పేషంటు నీకు దొరకడు" అన్నాడు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. తర్వాత పెద్ద డాక్టర్ వచ్చి కాగితం చూసి, ఏ అలవాటూ లేని మనిషికి నాళం ఇంతగా మూసుకుపోవడం ఆశ్చర్యమే అన్నాడు. "పొగ తాగుతావా?" అని సూటిగా అడిగాడు. "సిగరెట్ ముట్ట సార్" అన్నాడు మేస్త్రి. అది నిజం. నేను పక్కనే ఉన్నాను. చుట్ట అనే మాట నా నోటి దాకా కూడా రాలేదు. దాచాలని కాదు. అది ఆ ప్రశ్నకు జవాబని నాకు తెలియలేదు.

పొగాకు సంచి అక్క ఇంటికి తీసుకుపోయింది. "పది దినాలు చుట్ట లేకుంట ఉంటవా?" అని అడిగింది.

"నాదేమున్నది? నేను లేకుంట అదే ఎట్లుంటదో" అన్నాడు.

మొదటి రోజు బాగానే ఉన్నాడు. పక్క మంచం మనిషికి వార్డు గోడ మీద గిలాబు ఎక్కడ తప్పు పోయిందో చూపించాడు. రెండో రోజు నుంచి ఏదీ పడలేదు. ఇడ్లీ రబ్బరు అన్నాడు. ఫ్యాను చప్పుడు అన్నాడు. తల నొస్తోందన్నాడు. కునుకు పట్టలేదు. చల్లటి గదిలో చెమట పోసింది. దుప్పటి అంచు పట్టుకుని దారాలు పీకుతూ కూర్చున్నాడు. అక్క గ్లాసులో పాలు పోసిస్తే గ్లాసు విసిరేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆమె మీద చెయ్యి గానీ వస్తువు గానీ ఎత్తలేదు. ఆమె నేల తుడుచుకుంటూ "ఇంటి మీద గాలి మళ్లింది తమ్మీ" అంది. నేనూ ఇంటి మీద బెంగే అనుకున్నాను. ఫోన్‌లో మనవరాలితో మాట్లాడించాను. రెండు మాటలు మాట్లాడి ఫోన్ మంచం మీద పడేశాడు. మూడో రోజు అక్క దిష్టి తీసింది. నాలుగో రోజు వార్డు డాక్టర్ నిద్ర మాత్ర రాశాడు. అందరం ఏదో ఒకటి చేశాం. చేయాల్సింది తప్ప.

ఐదో రోజు మందు చీటీ కాగితాన్ని తొడ మీద పరిచి, వేళ్లతో గట్టిగా చుట్టి, చెవి మీద పెట్టుకున్నాడు. పక్క మంచం మనిషి చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క కూడా ఆ ఐదు రోజుల్లో మొదటిసారి నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. నా వైపు చూశాడు. ఏదో అడగబోతున్నాడనిపించింది. అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు అర్థమవుతోంది. అడిగితే నౌకరు అయిపోతాడు. అంతమంది ముందు, అన్నేళ్లు మాలిక్‌ను అని చెప్పుకున్న మనిషి ఒక్క చుట్ట తెచ్చిపెట్టమని ఎలా అడుగుతాడు? ఆ ఒక్క మాట అడగలేక కాలు వదులుకున్నాడు. కాలుతో పాటు అంతా వదులుకున్నాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అడగాల్సింది మేస్త్రీ. నేను పరాయివాణ్ణా?

ఆరో రోజు పొద్దున నేను పోయేసరికి మంచం ఖాళీగా ఉంది. అక్క పళ్లపొడి కోసం కిందికి పోయి వచ్చే లోపల లేచి పోయాడు. నర్సులు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. నేను గేటు దాటి బయట వెతికాను. రోడ్డు నిండా ఆఫీసులకు పోయే బస్సులు, కార్లు. దవాఖాన ప్రహరీ చివర, మెట్రో స్తంభం నీడలో, పూలమ్మే ముసలామె పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలు చాపి, సెలైన్ సూది గుచ్చిన చేతిలో సగం చుట్ట పట్టుకుని. అది ఆ ముసలామె ఇచ్చింది. ఆమెది కూడా చుట్టే.

"మేస్త్రీ, ఏందిది?"

"ఏం లే. ఊకెనే గాలికి వచ్చిన."

చుట్ట వెలగలేదు. చెయ్యి ఎంత వణుకుతోందంటే ముసలామె లైటర్ రెండుసార్లు కింద పడేశాడు, మూడోసారి అది పనిచేయలేదు. ఆమె నా వైపు చూసి "పాపం, అగ్గి దొరుకుతలేదు, జర సూడు బిడ్డా" అంది.

నాకు ఆయన్ను లేపి లోపలికి తీసుకుపోవాలని తోచలేదు. రోడ్డు దాటి పాన్ డబ్బా దగ్గర అగ్గిపెట్టె కొన్నాను. పరుగెత్తుకొచ్చాను కూడా. ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులు అడ్డం పెట్టి, పుల్ల గీసి చుట్టకు అంటించాను. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు మూసుకున్నాడు. పొగను మింగకుండా చాలా సేపు నోట్లోనే ఉంచుకుని మెల్లగా వదిలాడు. నాలుగో దమ్ముకు చేతి వణుకు ఆగిపోయింది. చెమట ఆరింది. ముఖం మళ్లీ మా మేస్త్రి ముఖం అయింది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వి, "నాష్ట జేసినవా తమ్మీ?" అని అడిగాడు.

"ఇగ పైకి పోదాం" అన్నాను.

"ఎందుకు? ఇప్పుడు మంచిగనే ఉన్న గద" అన్నాడు.

నిజంగా బాగానే కనిపించాడు. కళ్లు తేటగా ఉన్నాయి, మాట నిదానంగా ఉంది. మనిషికి మళ్లీ ప్రాణం వచ్చినట్టుందని నాకు సంతోషం వేసింది. ఇంటికి తీసుకుపోదామని ఆటోను పిలిచాను. దవాఖాన అంగీకి జేబు లేదు, అందుకని అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి "ఉంచు, తోవల అక్కరొస్తది" అన్నాడు. నేను దాన్ని జేబులో వేసుకుని, రెక్క పట్టి ఆయన్ను లేపాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఏమాత్రం వణకడం లేదు.